ఉప్పునీటి తొట్టిలో ఎవరికెవరితో పొసగుతుంది?

మానేరు మీద, ఊరి చెరువుల్లో వల వేసే ముదిరాజులకు, గంగపుత్రులకు ఒక లెక్క చిన్నప్పుడే వంటబడుతుంది. బొచ్చె పైనీళ్ళలో మేస్తుంది. రవ్వ నడినీళ్ళలో తిరుగుతుంది. మోసు అడుగున బురదలో వెతుక్కుంటుంది. మూడింటినీ ఒకే చెరువులో వదిలితే ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డం రాదు. 1971లో మిశ్రమ చేపల పెంపకం మీద అఖిల భారత స్థాయిలో పరిశోధన పథకం మొదలైనప్పుడు శాస్త్రవేత్తలు ఆధారం చేసుకున్న సూత్రం కూడా ఇదే. కొర్రమీను సంగతి వేరు. అది తెలంగాణ రాష్ట్ర చేపే గాని, పిల్లచేపలున్న నీళ్ళలో దాన్ని ఉంచితే పెట్టుబడి దాని కడుపులోకి పోతుంది. అందుకే పిల్లలను వదిలే ముందు దాన్ని ఏరి పక్కన పెడతారు.

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకునేవాళ్ళు దుకాణంలో నిలబడి అడగాల్సినవీ ఇవే మూడు ప్రశ్నలు: దీని నోరెంత, ఇది ఉండే చోటేది, దీని తిండేమిటి? చాలామంది రంగు చూసి కొంటారు. తొట్టిలో చేపలు చచ్చిపోవడానికి ఎక్కువ భాగం కారణం అక్కడే ఉంది.

✦

సిరిసిల్ల నుంచి సముద్రానికి నేరుగా గీత గీసినా దూరం మూడు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా మనకూ ఆ సముద్రపు ఉప్పదనానికీ సంబంధం ఉంది. ధర్మపురి దగ్గర మనం మునకలు వేసే గోదావరి పోయి కలిసేది బంగాళాఖాతంలోనే. గోదావరి, కృష్ణ, మహానది, గంగ వంటి నదులన్నీ మంచినీళ్ళు తెచ్చి పోయడంవల్ల అరేబియా సముద్రం కంటే బంగాళాఖాతం ఉప్పదనం తక్కువ. సగటు సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పులుంటాయి. ఎర్ర సముద్రంలో, మనవాళ్ళు పనికి పోయే గల్ఫ్ తీరంలో అది 40 గ్రాముల దాకా పోతుంది. ఏ నీళ్ళ నుంచి వచ్చిన చేపనైనా తెచ్చిన సంచిలోంచి తొట్టిలోకి ఒక్కసారిగా గుమ్మరించకూడదు. సన్నటి పైపుతో తొట్టి నీళ్ళను బొట్టుబొట్టుగా దాని నీళ్ళలో కలుపుతూ గంటసేపు అలవాటు చేయాలి.

✦

మంచినీటి చేప నీళ్ళు తాగదు. ఉప్పునీటి చేప తాగుతూనే ఉంటుంది. చెరువు చేప ఒంట్లో ఉప్పు బయటి నీళ్ళకంటే ఎక్కువ కాబట్టి నీళ్ళు దానంతటవే లోపలికి చొరబడతాయి, అది వాటిని మూత్రంగా పంపేస్తుంది. సముద్రపు చేప ఒంట్లోంచి నీళ్ళు బయటికి లాగుకుపోతాయి. అందుకే అది సముద్రాన్ని తాగి, అక్కర్లేని ఉప్పును మొప్పల గుండా బయటికి తోస్తుంది. ఒకదాన్ని ఇంకొకదాని నీళ్ళలో వేస్తే నిలవకపోవడానికి కారణం ఇదే. గోల్డ్ ఫిష్‌కూ క్లౌన్ ఫిష్‌కూ పొసగదన్న మాట స్వభావం దాకా కూడా పోదు, నీళ్ళ దగ్గరే తేలిపోతుంది.

✦

వంటింటి ఉప్పు కలిపితే సముద్రం కాదు. సముద్రపు ఉప్పుల్లో 85 శాతం దాకా సోడియం క్లోరైడే, అంటే మనం తినే ఉప్పే. మిగతాది మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం. ఆ కొద్ది భాగం లేకపోతే చేపలు, రొయ్యలు బతకలేవు. అందుకని అక్వేరియం కోసం చేసిన సముద్రపు ఉప్పే కొనాలి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 190 లీటర్ల నీళ్ళు పడతాయి. వాటికి ఆరున్నర కిలోల పైన ఉప్పు కావాలి. గాజు, రాళ్ళు, నీళ్ళు అన్నీ కలిస్తే బరువు రెండు క్వింటాళ్ళు దాటుతుంది. గోడకు కొట్టిన చెక్క అరలు దానికి ఆగవు.

బోరు నీళ్ళు వద్దు. మన దగ్గర భూగర్భ జలంలో గట్టిదనం ఎక్కువ, నైట్రేటూ ఉంటుంది. ఆర్వో నీళ్ళు తీసుకుని టీడీఎస్ మీటరు పెట్టి చూడాలి. తాగడానికి మంచిదైన నీళ్ళలో కూడా ఎంతో కొంత లవణం మిగిలి ఉంటుంది, తొట్టికి సున్నాకు దగ్గరగా ఉండాలి. ఇంకో సంగతి, ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. కాబట్టి తగ్గిన మట్టాన్ని ఉప్పు కలపని ఆర్వో నీళ్ళతో నింపాలి. ఇది మరిచి రోజూ ఉప్పునీళ్ళే పోస్తూపోతే కొన్నాళ్ళకు ఆ తొట్టి ఏ సముద్రంలోనూ లేనంత ఉప్పగా తయారవుతుంది.

✦

మే నెలలో జగిత్యాల జిల్లాలో 44, 45 డిగ్రీల ఎండ కొత్త కాదు. పగడపు దిబ్బల చేపలకు హాయిగా ఉండేది 25 నుంచి 27 డిగ్రీల నీళ్ళు. నీళ్ళు వేడెక్కిన కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. నీటి మీదికి ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మన వేసవికి చాలాసార్లు అది చాలదు, నీళ్ళను చల్లబరిచే చిల్లర్ కొనక తప్పదు. చిల్లర్ ధర తొట్టి ధర కంటే ఎక్కువ కావచ్చు. ఆ ఖర్చు ముందే లెక్క వేసుకున్నవాళ్ళే ఈ పనికి దిగాలని నా గట్టి అభిప్రాయం. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఇంట్లో ఉండి తీరాలి.

✦

క్లౌన్ ఫిష్ ప్రతిదీ పుట్టేటప్పుడు మగదే. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడదవుతుంది, రెండోది దాని జోడీ, మిగతావన్నీ పిల్లలు పెట్టే అర్హత లేకుండా వరసలో ఎదురుచూస్తాయి. ఆడది చచ్చిపోతే మగది ఆడదిగా మారుతుంది, మూడోది ఆ మగదాని స్థానంలోకి వస్తుంది. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ సినిమాలో తల్లి చనిపోయాక కొడుకు కోసం సముద్రమంతా గాలించిన తండ్రి, ప్రకృతి ప్రకారమైతే కొన్నాళ్ళకు తల్లిగా మారాలి. అదే 2003లో పీటర్ బస్టన్ అనే పరిశోధకుడు పపువా న్యూ గినీ తీరంలో చూసి చెప్పిన విషయం ఇంకా ఆశ్చర్యం. వరసలో కింద ఉన్న చేప తన పైదాని కంటే చిన్నగా ఉండేట్టు తన ఎదుగుదలను తానే అదుపులో పెట్టుకుంటుంది. సమానంగా ఎదిగితే తరిమేస్తారని దానికి తెలుసు.

కొనేవాళ్ళకు దీంట్లో ఉన్న ఉపయోగం: ఒక పెద్దది, ఒక చిన్నది, రెండూ ఒకే జాతివి తీసుకోండి. సైజు సమానంగా ఉన్న పెద్ద చేపలు రెండు తెస్తే అవి రెండూ ఆడవే కావచ్చు, ఒకటి మిగిలేదాకా కొట్టుకుంటాయి. రెండు జాతుల క్లౌన్లను కలపకండి. 2024లో జపాన్‌లోని ఒకినావా పరిశోధకులు ఇంకొకటి బయటపెట్టారు. మూడు తెల్ల పట్టీలుండే ఆసిలారిస్ క్లౌన్ చేపలు ఎదుటి చేప మీద పట్టీలు ఎన్నో గమనిస్తాయట. మూడు పట్టీలున్న దానిమీద కోపం ఎక్కువ, అసలు పట్టీల్లేనిదాన్ని దాదాపు పట్టించుకోవు.

ఇక సముద్రంలో క్లౌన్‌కు ఆశ్రయమిచ్చే సీ ఎనిమోన్ అనే జీవి లేకపోతే క్లౌన్ బతకదన్నది అపోహ. తొట్టిలో అది ఏ రాతి మూలనో తన ఇల్లు చేసుకుంటుంది. ఎనిమోన్ మిగతా చేపలను కుట్టి తినగలదు, దానికి వెలుతురు కూడా బాగా కావాలి. మొదటి ఏడాది దాని జోలికి పోకపోవడం మంచిది. సరైన చోట ఉంటే ఎనిమోన్ ఎంతకాలం బతుకుతుందో తెలుసా? 1828లో స్కాట్లాండ్ తీరంలో జాన్ డాలియెల్ అనే ప్రకృతి పరిశోధకుడు తీసుకొచ్చిన ఒక ఎనిమోన్ ఎడిన్‌బరో జాడీలో 1887 దాకా బతికింది. ఊరంతా దానికి ‘గ్రానీ’ అని పేరు పెట్టుకుంది.

✦

క్లౌన్ కూడా డామ్సెల్ కుటుంబంలోదే. అయితే దుకాణాల్లో చవగ్గా దొరికే నీలం డామ్సెల్, మూడు చారల డామ్సెల్, మూడు చుక్కల డామినో ఉన్నాయే, వాటి పేచీకోరుతనం క్లౌన్‌కు లేదు. అవి గట్టి పిండాలు, దేనికీ చావవు. అందుకే కొత్త తొట్టిలో మొదట వాటినే వేయమని చెప్పేవాళ్ళుంటారు. ఆ సలహా వినొద్దు. మొదట దిగినది తొట్టి మొత్తం తనదే అనుకుంటుంది, తర్వాత వచ్చిన ప్రతి చేపనూ తరిమి తరిమి రెక్కలు చింపుతుంది. ఆ తర్వాత దాన్ని పట్టడానికి రాళ్ళన్నీ బయటికి తీయాల్సి వస్తుంది. నెమ్మదస్తులను ముందు, దుడుకువాళ్ళను చివర దించాలి. ఇప్పటికే ఒకటి పెత్తనం చెలాయిస్తుంటే, కొత్త చేపను దించే రోజున రాళ్ళ అమరిక మార్చేయండి. పాత సరిహద్దులు చెరిగిపోయి అందరూ కొత్తగా చోటు వెతుక్కుంటారు.

✦

కొన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త అక్వేరియాల్లో పగడపు చేపలను గమనించి, వాటి మెరిసే రంగులు ‘ఇది నా చోటు’ అని సొంత జాతికి చేసే హెచ్చరిక అని ప్రతిపాదించాడు. 1963 నాటి తన పుస్తకంలో రాశాడు. అన్ని జాతులకూ ఇది వర్తించదని తర్వాతి పరిశోధనలు చూపించాయి. తొట్టి పెంపకందార్లకు మాత్రం ఇప్పటికీ పనికొచ్చే సూత్రం ఇది: ఒకే ఆకారం, ఒకే రంగు, ఒకే తిండి ఉన్న రెండింటిని కలపొద్దు.

దీనికి పక్కా ఉదాహరణ సర్జన్ ఫిష్. తోక మొదట్లో రెండు వైపులా కత్తి మొన లాంటి ముల్లు ఉంటుంది, ఆ పేరు దానివల్లే. మన లక్షదీవుల దగ్గర దొరికే పౌడర్ బ్లూ టాంగ్ చూపులకు ఎంత అందమో తోటి టాంగ్‌తో అంత వైరం. నీమో స్నేహితురాలు డోరీ జాతి నీలం టాంగ్ అడుగు దాకా పెరుగుతుంది. దుకాణంలో అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు చూసి మూడడుగుల తొట్టికి తెచ్చుకుంటారు, అది ఈదడానికి చోటు లేక కుమిలిపోతుంది. టాంగ్ కావాలంటే ఆరడుగుల తొట్టి కట్టుకోండి. లేదంటే ఆ ఆశ వదులుకోండి.

✦

లయన్ ఫిష్ ఎవరితోనూ కొట్లాడదు. నోట్లో పట్టే ప్రతి చేపనూ చప్పుడు లేకుండా మింగుతుంది. దాని ముళ్ళలో విషం ఉంది. తొట్టి శుభ్రం చేస్తూ పొడిపించుకుంటే చెయ్యి తట్టుకోగలిగినంత వేడి నీళ్ళలో ముంచి ఉంచి, వెంటనే డాక్టరు దగ్గరకు పోవాలి.

ట్రిగ్గర్, పఫర్ చేపలకు గట్టి పళ్ళు. రొయ్యలు, ఎండ్రకాయలు, నత్తలు ఏవీ మిగలవు.

కొమ్ములున్న కౌ ఫిష్ అన్నిటికంటే ప్రమాదం. భయపడితే ఒంటి మీది జిగురులోంచి విషం వదులుతుంది. సముద్రంలో అది నీళ్ళలో కలిసి పల్చబడుతుంది. తొట్టిలో మాత్రం పక్క చేపలన్నిటితో పాటు అదీ చచ్చిపోతుంది.

✦

మన ఊళ్ళ నుంచి గల్ఫ్ పోయినవాళ్ళలో చాలామంది దుబాయ్ మాల్ అక్వేరియం ముందు నిలబడి ఫోటో దిగే ఉంటారు. 2008లో తెరిచిన ఆ తొట్టిలో కోటి లీటర్ల నీళ్ళు. ముందున్న అద్దం 32.88 మీటర్ల వెడల్పు, 8.3 మీటర్ల ఎత్తు, 75 సెంటీమీటర్ల మందం ఉన్న అక్రిలిక్. అందులో సొర చేపలు, చిన్న చేపలు కలిసి తిరుగుతుంటే కడుపు నిండితే ఎవరూ ఎవరినీ తినరు కాబోలు అనిపిస్తుంది. అది సగం నిజమే. 2016 జనవరిలో సియోల్‌లోని కోయెక్స్ అక్వేరియంలో ఒక పెద్ద సొర తన చోటులోకి వచ్చి తగిలిందని ఇంకో చిన్న సొరను తల నుంచి మింగడం మొదలుపెట్టింది. దాదాపు ఒక రోజంతా దాని తోక నోట్లోంచి బయటికి కనిపిస్తూనే ఉంది. అక్కడ తిండి కొరత లేదు. గొడవ చోటు దగ్గర వచ్చింది.

భివండి మగ్గాలకు వలస పోయిన సిరిసిల్ల నేతకార్మికుల కుటుంబాలకు ముంబైలో ఇంకో చేపల ఇల్లు దగ్గరగా ఉండేది. మెరైన్ డ్రైవ్ మీది తారాపోర్‌వాలా అక్వేరియం 1951లో తొలి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదలైంది.

✦

పొసగడం అంటే కొట్లాడకపోవడం ఒక్కటే కాదని చెప్పే జంట ఒకటి ఉంది: గోబీ చేప, పిస్టల్ రొయ్య. రొయ్యకు చూపు చాలా తక్కువ, తవ్వడంలో దిట్ట. గోబీకి చూపు బాగుంది, తవ్వలేదు. ఇద్దరూ ఒకే బొరియలో కాపురం. రొయ్య ఇసుకను, గులకరాళ్ళను ముందుకు నెట్టుకుంటూ గుమ్మం దాకా వస్తుంది. వచ్చినప్పుడల్లా ఒక మీసం గోబీ ఒంటి మీద ఆనించే ఉంచుతుంది. గోబీ గుమ్మం దగ్గర కదలకుండా కాపలా కూర్చుంటుంది. ఏదైనా నీడ కదిలితే తోకను టపటపా ఆడిస్తుంది. ఆ కదలిక మీసానికి తగలగానే రొయ్య లోపలికి దూరుతుంది, మరీ ప్రమాదమైతే గోబీ కూడా తల ముందు పెట్టి దానివెంటే దూకుతుంది. ఆ రొయ్య తన పెద్ద గోటిని టప్పుమని మూస్తే పుట్టే బుడగ పగిలే క్షణంలో లోపలి వేడి 4,700 డిగ్రీలు దాటుతుందని 2001లో శాస్త్రవేత్తలు కొలిచారు. తొట్టి పక్కన కూర్చుంటే ఆ చప్పుడు మనకూ వినిపిస్తుంది. నాకు అన్ని చేపల్లోకీ ఇష్టమైన దృశ్యం ఇదే, చిన్న తొట్టిలో కూడా చూడగలిగింది.

✦

మాండరిన్ చేప నీలం రంగు అసలైన నీలం. మిగతా జీవుల్లో నీలం చాలావరకు వెలుతురు చెదరడం వల్ల కనిపించేది. కణాల్లోనే నీలి రంగు పదార్థం ఉన్న వెన్నెముక జీవులు తెలిసినంతలో మాండరిన్, దాని దగ్గరి చుట్టం మాత్రమే. ఎంత అందగత్తె అయినా రాళ్ళ మీది కంటికి ఆనని పురుగులే దాని తిండి. కొత్త తొట్టిలో అవి ఉండవు, ఎవరూ తరమకుండానే ఆకలితో చచ్చిపోతుంది. క్లీనర్ రాస్ అనే చిన్న చేప కూడా అంతే. సముద్రంలో పెద్ద చేపల ఒంటి మీది పురుగులు ఏరి తిని బతుకుతుంది. నాలుగు చేపలున్న తొట్టిలో దాని కడుపు నిండదు. అద్దంలో తనను తాను గుర్తుపట్టగలదని 2019లో పరిశోధకులు చూపించిన చేప అది. దాన్ని సముద్రంలోనే ఉండనివ్వాలి.

✦

సముద్రపు గుర్రాన్ని మన దేశంలో ఇంట్లో పెట్టుకోవడం నేరం. దానికి జీర్ణాశయం ఉండదు, రోజంతా కొద్దికొద్దిగా తినాలి, చురుకైన చేపల మధ్య దాని వాటా దానికి దక్కదు. అది అలా ఉండగా, 2001 నుంచి ఆ కుటుంబం మొత్తం వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉంది. పగడపు దిబ్బలు కట్టే పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు దోసకాయలు కూడా. ‘లైవ్ రాక్’ పేరుతో పగడపు ముక్క అమ్మజూపినా తీసుకోవద్దు. కాల్చిన మట్టితో, సిమెంటుతో చేసిన రాళ్ళు బజారులో ఉన్నాయి, చేపలకు అవి చాలు. 2017లో కేంద్రం 158 రకాల అలంకార చేపల అమ్మకాన్ని నిషేధిస్తూ నియమాలు తెచ్చి, కొన్ని నెలల్లోనే వెనక్కి తీసుకుంది. ఆ జాబితా పోయినా పగడాల చట్టం అలాగే ఉంది.

✦

1846లో అన్నా థిన్ అనే ఆమె సముద్రం దగ్గర్లో లేని లండన్‌కు పగడాలను జాడీలో పెట్టి తెచ్చుకుంది. అప్పటికి పంపుల్లేవు. పనమ్మాయి రోజూ అరగంటకు పైగా తెరిచిన కిటికీ ముందు నిలబడి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి నీళ్ళు ఎత్తిపోసేది, గాలి కలవాలని. అలా ఆ పగడాలు ఏళ్ళ తరబడి బతికాయి. లండన్ జూలో మొదటి ప్రజా అక్వేరియం తెరిచింది ఆ తర్వాత, 1853లో.

✦

సముద్రంలో పట్టిన చేప కంటే కేంద్రంలో పొదిగించిన చేప మేలు. పెల్లెట్ల తిండికి అలవాటు పడి ఉంటుంది, తొట్టి జీవితం దానికి కొత్త కాదు, పగడపు దిబ్బల నుంచి దోచుకొచ్చిన పాపం ఉండదు. 1947లో మొదలైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విళింజం, మండపం కేంద్రాల్లో క్లౌన్ చేపలను పెంచే పద్ధతులు నిలబెట్టింది. ఆ సంస్థకు విశాఖలోనూ కేంద్రం ఉంది. లక్షదీవుల్లోని అగత్తిలో దీవి మహిళలు అలంకార రొయ్యలను పెంచుతున్నారు. చేపల చదువు కావాలంటే మన పశువైద్య విశ్వవిద్యాలయానికి కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నట్టే పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది. హైదరాబాద్‌లో చేప ఆకారంలో కట్టిన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి భవనాన్ని ఎక్స్‌ప్రెస్‌వే మీంచి చూడనివాళ్ళు తక్కువ.

✦

ఇక 190 లీటర్ల తొట్టికి నేనిచ్చే జాబితా. నీళ్ళు, ఉప్పు, రాళ్ళు సిద్ధం చేసి నాలుగు నుంచి ఆరు వారాలు చేప లేకుండా నడపండి. వ్యర్థాల్లోంచి పుట్టే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఆ సమయంలో రాళ్ళ మీద స్థిరపడతాయి. ఉప్పునీళ్ళ క్షార గుణం వల్ల అమ్మోనియా విషం ఇక్కడ ఇంకా ఎక్కువ. పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు సున్నా వచ్చాక ముందు ఒక ఫైర్ ఫిష్. పిరికిది, గెంతుతుంది, తొట్టి మీద సన్నటి వల కప్పాలి. తర్వాత గోబీ, పిస్టల్ రొయ్య జంట. నాచు గీకే ఒక బ్లెన్నీ. చివరగా ఆసిలారిస్ క్లౌన్ జత. ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య రెండు మూడు వారాలు ఆగండి. ఫైర్ ఫిష్ నడినీళ్ళలో, గోబీ ఇసుకలో, బ్లెన్నీ రాతి మీద, క్లౌన్లు ఒక మూల. అంతే, ఇక చేర్చొద్దు.

ప్రతి కొత్త చేపనూ నెల రోజులు వేరే చిన్న తొట్టిలో ఉంచి చూడాలి. ఒంటి మీద ఉప్పు రేణువుల్లా తెల్ల చుక్కలు కనిపిస్తే అది అంటురోగం. దానికి వేసే రాగి మందు రొయ్యలను చంపుతుంది, అందుకే పెద్ద తొట్టిలో వేయకూడదు.

✦

క్లౌన్ ఫిష్ తొట్టిలో ఇరవై ఏళ్ళకు పైగా బతకగలదు. సాకలేని రోజు వస్తే దుకాణానికో, ఇంకో పెంపకందారుకో ఇవ్వండి. మానేరులోనో ఊరి చెరువులోనో వదలకండి. ఉప్పునీటి చేప అక్కడ కొన్ని గంటల్లో చచ్చిపోతుంది. మంచినీటి అక్వేరియం చేపలైతే చావకుండా నిలిచి చెరువునే పాడుచేస్తాయి. గాజు గీకడానికి తెచ్చి, పెరిగాక చెరువులో పారేసిన సక్కర్ ఫిష్ ఇవాళ తెలుగు రాష్ట్రాల్లో మత్స్యకారుల వలలు చింపుతోంది. అమెరికాలో 1985లో ఫ్లోరిడా తీరంలో మొదట కనిపించిన లయన్ ఫిష్, అక్వేరియాల్లోంచి వదిలినదేనని భావిస్తున్నది, ఇప్పుడు కరీబియన్ అంతటా పరుచుకుంది. మన చెరువు మీద బతికేవాళ్ళు ఉన్నారు, దయచేసి దాంట్లో మన తొట్టిని కుమ్మరించకండి.